‘కాల్‌షీట్’ లేని పని: ఇంటి సంరక్షణ కార్మికులూ, ఇంగ్లీషూ

(ఇళ్లలో రోగులనూ వృద్ధులనూ చూసుకునే స్త్రీలకు భాషా శిక్షణ ఇవ్వడం గురించి ఫిల్మ్ నగర్‌లో జరిగిన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మన ముందున్న అంశం పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఇళ్లలో రోగులనీ వృద్ధులనీ చూసుకునే స్త్రీలకు పనికి కావలసిన ఇంగ్లీషు నేర్పడం ఎలా? మీలో కొందరు బస్తీల్లో సాయంత్రం క్లాసులు నడుపుతున్నారు. ఏ పాఠం ముందు చెప్పాలి, ఎన్ని వారాలు చెప్పాలి, పుస్తకం వుండాలా, బొమ్మలు సరిపోతాయా అన్నవి మీ ప్రశ్నలు. వాటి దగ్గరికి వస్తాను. అయితే వాటికన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న మరొకటి వుంది. ఈ ఇంగ్లీషు ఎవరి అవసరం? యజమాని చెప్పింది అర్థం చేసుకోవడానికా, తాను చెప్పదలచుకున్నది చెప్పడానికా? ఈ రెండింటికీ కావలసిన మాటలు వేరు. మొదటి రకం మాటలు నేర్పడానికి చాలామంది సిద్ధంగా వున్నారు. రెండో రకం మాటలు మనం నేర్పకపోతే ఎవరూ నేర్పరు.

గుట్ట మీదా, గుట్ట కిందా

ఫిల్మ్ నగర్‌లో కూర్చుని ఈ విషయం మాట్లాడుకోవడానికి కారణం వుంది. సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన క్రమంలో 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1989లో రామానాయుడు స్టూడియో వచ్చాయి. 1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో ఆసుపత్రి తెరిచారు. బంగళాలు పెరిగాయి. వాటిని కట్టడానికీ, ఊడవడానికీ, కాపలా కాయడానికీ వచ్చిన మనుషులతో దీన్ దయాళ్ నగర్, జ్ఞానీ జైల్‌సింగ్ నగర్, దుర్గా భవానీ నగర్ వంటి బస్తీలు నిండాయి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన స్త్రీలు మొదట తాపీ పనిలోనో, అంట్లు తోమే పనిలోనో చేరారు. ఇప్పుడు వాళ్లలో చాలామంది, వాళ్ల కూతుళ్లు కూడా, మరో పనిలో కనిపిస్తున్నారు. పక్షవాతం వచ్చిన పెద్దాయనని పక్క మీద తిప్పడం, మతిమరుపు ముదిరిన పెద్దావిడకి అన్నం తినిపించడం, యూరిన్ బ్యాగు ఖాళీ చేయడం, డైపర్ మార్చడం, మంచం పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించడం. రాత్రి కూడా రెండు గంటలకోసారే.

ఈ పని ఇదివరకు లేదని కాదు. కోడళ్లు చేశారు, కూతుళ్లు చేశారు. డబ్బు లేకుండా చేశారు కాబట్టి దాన్ని ఎవరూ పని అనలేదు, సేవ అన్నారు. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై ఏళ్లు దాటినవాళ్లు 10.3 కోట్లకు పైగా వున్నారు. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో వుంటున్నారు. ఇక్కడే వున్న కూతుళ్లూ కోడళ్లూ ఉద్యోగాలకి వెళుతున్నారు. దాంతో ఈ పని ఇంటి స్త్రీ చేతిలోంచి బస్తీ స్త్రీ చేతిలోకి జారింది. మగవాళ్ల చేతిలోకి మాత్రం జారలేదు. లైంగిక శ్రమ విభజన చెక్కుచెదరలేదు, దానికి కులమూ వర్గమూ తోడయ్యాయి. మలమూత్రాలు ఎత్తే పని ఎవరిదన్న ప్రశ్నకి మన సమాజం ఏ కులాలను చూపిస్తూ వచ్చిందో మీకు తెలుసు. ఆ జవాబు ఇక్కడ ‘హోమ్ కేర్’ అన్న కొత్త పేరు తొడుక్కుంది.

పేరు సంగతి కూడా చూడండి. ఏజెన్సీ వాళ్లు కుటుంబానికి బిల్లు వేసేటప్పుడు ఆమె ‘నర్స్’. ఆమె చేతికి జీతం ఇచ్చేటప్పుడు ‘ఆయా’. ఇంట్లోవాళ్లు చుట్టాలకి చెప్పేటప్పుడు ‘మెయిడ్’. రోగి మాత్రం ‘అమ్మా’ అంటాడు. ఒకే మనిషికి నాలుగు పేర్లు. మూడు ఇంగ్లీషు బిల్లుల్లోనో, వంటింటి మాటల్లోనో వుంటాయి. నాలుగోదానికి జీతం లేదు. భాష గురించి మాట్లాడటమంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఆమెకు ఎదురయ్యే ఇంగ్లీషు

ఈ స్త్రీలకి ఇంగ్లీషు రాదనడం పూర్తిగా నిజం కాదు. బీపీ, షుగర్, పల్స్, స్కానింగ్, డిశ్చార్జి, ఫిజియో, డ్యూటీ అన్నవి వాళ్ల నోట తెలుగు మాటలే. అక్షరం ముక్క రాని స్త్రీ కూడా షుగర్ మిషన్ మీద అంకె చూసి ప్రమాదమో కాదో చెప్పగలదు. రానిది కాగితం మీది ఇంగ్లీషు. అందులోనూ అన్నిటికన్నా ప్రమాదకరమైనది మందుల చీటీ.

ఓడీ అంటే రోజుకొకసారి. బీడీ అంటే రెండుసార్లు. టీడీఎస్ అంటే మూడుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకునేముందు. ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. ఇవి నిజానికి ఇంగ్లీషు కూడా కావు, లాటిన్ మాటలకి పొట్టి రూపాలు. బీడీ అంటే తెలంగాణ స్త్రీలకి తెలిసిన అర్థం వేరు, వాళ్ల అమ్మలు రోజుకి వేయి చుట్టిన బీడీ అది. ఎంఏ చదివిన కొడుక్కి కూడా అర్థంకాని ఈ సంకేతాలని పదో తరగతి తప్పిన స్త్రీ చదివి మందు వేయాలి. తప్పు జరిగితే మాత్రం చీటీ రాసిన తీరుని ఎవరూ ప్రశ్నించరు. ‘చదువు రాని మనిషి, ఏదో వేసేసింది’ అంటారు.

ఇన్సులిన్ సంగతి మరీ ముఖ్యం. మన దేశంలో ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకి 40 యూనిట్లది. 100 యూనిట్లది కూడా వుంది. దేని సిరంజి దానిదే. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 రకం మందుని 40 సిరంజిలో 20 గీత దాకా తీస్తే రోగికి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. రెండున్నర రెట్లు. ప్రాణం మీదకి వచ్చే తేడా ఇది. సీసా మీద వుండే ఆ చిన్న ఇంగ్లీషు అక్షరాలూ, ఆ అంకే చదవగలగడం ఎందుకవసరమో ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. అయితే దీన్ని ఇక్కడితో ఆపితే మనం సగమే చెప్పినట్టు. సూది వేయడం శిక్షణ పొందిన నర్సు పని. ఆయా జీతం ఇచ్చి నర్సు పని చేయించడం కుటుంబానికి కలిసొస్తుంది. కాబట్టి సీసా మీద అంకె చదవడంతో పాటు ఆమె నేర్చుకోవాల్సిన వాక్యం ఇంకొకటి వుంది: ‘ఐ యామ్ నాట్ ట్రైన్డ్ ఫర్ దిస్.’ నాకు దీనికి శిక్షణ లేదు, నేను చేయను.

ఆమెకు ఎదురయ్యే మరో ఇంగ్లీషు ఏజెన్సీ కాగితం. ఎన్ని గంటల డ్యూటీ, కమీషన్ ఎంత, మధ్యలో మానేస్తే ఎంత కోత, సర్టిఫికెట్లు ఎవరి దగ్గర వుంటాయి అన్నవన్నీ అందులో వుంటాయి. చదివి వినిపించేవాళ్లుండరు. వేలు చూపించిన చోట సంతకం చేయాలి. మూడో ఇంగ్లీషు, ఆమె ముందే ఆమెకి అర్థంకాకుండా మాట్లాడుకునేది. జీతం తగ్గించాలా, మనిషిని మార్చాలా, బీరువా తాళం ఎక్కడ పెట్టాలి వంటి మాటలన్నీ ఇంట్లోవాళ్లు ఆమె ఎదుటే ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. అక్కడ ఇంగ్లీషు ఒక భాష కాదు, ఒక పరదా. ఒక్కోసారి మంచం మీది పెద్దమనిషిని కూడా ఆ పరదాకి అవతలే వుంచుతారు. పరదాకి ఇవతల మిగిలేది వాళ్లిద్దరే.

నేర్పుతున్న ఇంగ్లీషు

2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ‘హోమ్ హెల్త్ ఎయిడ్’ ఒక వృత్తి. 2021 జూన్‌లో కోవిడ్ కాలంలో ఆరోగ్య రంగంలోని ఆరు పనులకి స్వల్పకాలిక శిక్షణ ప్రారంభించారు. వాటిలో ఇంటి దగ్గర రోగి సంరక్షణ కూడా ఒకటి. ఇది పని అనీ, దీనికి నైపుణ్యం కావాలనీ ప్రభుత్వం ఒప్పుకోవడం మంచిదే. కానీ మన చుట్టూ ఇటువంటి పనులకి జరిగే ‘స్పోకెన్ ఇంగ్లీషు’ పాఠాల్లో సాధారణంగా ఏ వాక్యాలు వుంటాయో గమనించండి. గుడ్ మార్నింగ్ సర్. ఎస్ మేడమ్. సారీ మేడమ్. మే ఐ కమిన్. విల్ యూ హ్యావ్ టీ. ప్రతి వాక్యంలోనూ ఆమె నిలబడే వుంటుంది, ఎదుటివాళ్లు కూర్చునే వుంటారు. ‘నా డ్యూటీ ఎనిమిదికి అయిపోతుంది’ అన్న వాక్యం లేదు. ‘ఈ నెల జీతంలో ఎందుకు కోశారు’ లేదు. ‘నన్ను తాకొద్దు’ లేదు. భాష నేర్పుతున్నామన్న పేరుతో అణకువ నేర్పుతున్నారు. అణకువ ఆమెకు తెలుగులో పుట్టినప్పటి నుంచీ నేర్పుతూనే వున్నారు కదా, దానికి మళ్లీ ఇంగ్లీషు క్లాసు ఎందుకు?

ఫిల్మ్ నగర్ చెప్పే పాఠం

ఇక్కడికి కూతవేటు దూరంలో ఇంగ్లీషు మాటలతోనే బతికే కార్మికులు మరో రకంవాళ్లున్నారు. లైట్‌మన్లు, సెట్ అసిస్టెంట్లు, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు, ప్రొడక్షన్ వంటవాళ్లు. వాళ్లలో బడికి వెళ్లినవాళ్లు తక్కువే. అయినా లొకేషన్, ప్యాకప్, బ్యాటా, కాల్‌షీట్ అన్న మాటలు ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు. ‘కాల్‌షీట్’ సంగతే తీసుకోండి. ఇంగ్లీషులో అది ఫలానా వేళకి రమ్మని చెప్పే కాగితం. మన సినిమా కార్మికుడి నోట అది పని గంటలకి కొలత అయింది. ఇన్ని గంటలు ఒక కాల్‌షీట్. అది దాటితే అదనం. ఆ మాట అనగానే ప్రొడక్షన్ మేనేజరు గడియారం చూస్తాడు.

ఆ బలం ఆ మాటలో ఎక్కడిది? ఉచ్చారణలో లేదు, వ్యాకరణంలో లేదు. దాని వెనక యూనియన్లున్నాయి, ఫెడరేషన్ వుంది. 30 శాతం వేతనాల పెంపు కోరుతూ 2025 ఆగస్టులో తెలుగు సినిమా కార్మికులు సమ్మె చేసి షూటింగులు ఆపారు. లేబర్ కమిషనర్ కల్పించుకున్నాక దశలవారీ పెంపు సాధించుకుని పనిలోకి వెళ్లారు. సినిమా రంగం స్త్రీలకి స్వర్గమని నేననడం లేదు. 2018లో లైంగిక వేధింపుల గురించి స్త్రీలు వీధికెక్కి మాట్లాడిన తర్వాత, 2019లో తెలంగాణ ప్రభుత్వం ఒక కమిటీని వేయాల్సివచ్చింది. నేననేది ఒక్కటే. ఒక పరాయి మాట హక్కుగా మారాలంటే దాని వెనక సంఘం వుండాలి.

ఇప్పుడు ఇంటి సంరక్షణ కార్మికురాలి మాట చూడండి. ‘ఇరవైనాలుగు గంటల డ్యూటీ.’ కొలత లేని కొలత అది. రోగి నిద్రపోయినప్పుడు ఆమె నిద్రపోవచ్చట, కానీ రోగి ఎప్పుడు నిద్రపోతాడన్నది ఎవరి చేతిలోనూ వుండదు. ఒకే ఇంట్లో భర్త లైట్‌మన్, భార్య కేర్‌టేకర్ అయితే, అతను డబుల్ కాల్‌షీట్ లెక్క రాసుకుంటాడు, ఆమె లెక్క రాసుకోవడానికి మాటే లేదు.

చట్టం ఏ భాషలో వుంది?

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పనిని కనీస వేతనాల పరిధిలోకి తెస్తూ ఉత్తర్వులొచ్చాయి. 2011 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివాళ్ల కోసం 189వ ఒడంబడికను ఆమోదించింది. దాని ఏడో అధికరణం మన చర్చకి సరిగ్గా సరిపోతుంది. పని షరతులు కార్మికురాలికి సులభంగా అర్థమయ్యే రీతిలో, తర్వాత సరిచూసుకోవడానికి వీలుగా తెలియజేయాలంటుంది అది. గంటలు, జీతం, సెలవు, మానిపించే పద్ధతి అన్నీ. భారతదేశం ఆ రోజు ఒడంబడికకి అనుకూలంగా ఓటు వేసింది, కానీ దాన్ని ఇంతవరకూ ధ్రువీకరించలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటి పనివాళ్లకి ప్రత్యేక చట్టం అవసరమా అని పరిశీలించేందుకు కమిటీ వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. అదే ఏడాది నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి, పాత కనీస వేతనాల చట్టమూ, 2008 నాటి అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టమూ వాటిలో కలిసిపోయాయి.

వీటన్నిటికన్నా మన చేతికి వెంటనే అందేది 2013 నాటి పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల చట్టం. అది ‘ఇల్లు’ని పని ప్రదేశంగా గుర్తించింది. జిల్లాలో స్థానిక కమిటీ వుండాలంది. మూడు నెలల లోపు ఫిర్యాదు చేయాలి. రాతపూర్వకంగా చేయాలి. కానీ రాయలేని స్త్రీకి రాయడంలో సాయపడే బాధ్యత కమిటీదే. ఫిర్యాదు ఇంగ్లీషులో వుండాలని ఎక్కడా లేదు. ఇంగ్లీషు రాదు కాబట్టి ఏం చేయలేనని అనుకునే స్త్రీకి ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, కొంత ధైర్యం వస్తుంది.

ఇంగ్లీషు వస్తే సరిపోతుందా?

ఇక్కడ అమెరికా అనుభవం ఒకటి చెప్పాలి. అక్కడ ప్రభుత్వ నిధులతో నడిచే హోమ్ హెల్త్ ఏజెన్సీల్లో పనిచేసే ఎయిడ్‌కి కనీసం 75 గంటల శిక్షణ వుండాలి. రోగి గురించిన సమాచారాన్ని చదవడం, రాయడం, నోటితో చెప్పడం ఆ శిక్షణలో భాగం. అంటే భాష ఆమె సొంత తంటా కాదు, పనిలో భాగం. ఇది మనం అడగాల్సిందే.

కానీ అదే దేశంలో ఎవెలిన్ కోక్ అనే స్త్రీ కథ కూడా వుంది. ఆమె జమైకా నుంచి న్యూయార్క్ వచ్చి ఏళ్ల తరబడి ఇళ్లలో వృద్ధులని చూసుకుంది. ఇంగ్లీషు ఆమెకి పరాయి భాష కాదు. అయినా ఓవర్‌టైమ్ జీతం దొరకలేదు. కారణం ఒక మాట. 1974లో చట్టాన్ని ఇంటి పనివాళ్లకి వర్తింపజేసినప్పుడు వృద్ధులకి ‘తోడుగా వుండేవాళ్ల’ని మినహాయించారు. ఆమె చేసింది పని కాదు, తోడుండటం అన్నమాట. 2007లో సుప్రీంకోర్టు ఆమెకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్పు ఇచ్చింది. 2009లో ఆమె చనిపోయింది. తర్వాత ఉద్యమాల ఒత్తిడితో 2013లో నిబంధన మార్చారు, అది 2015లో అమల్లోకి వచ్చింది. 2025 జులైలో దాన్ని మళ్లీ వెనక్కి తీసుకుంటామనే ప్రతిపాదన వచ్చింది. మన దగ్గర ‘సేవ’, అక్కడ ‘తోడు’. భాష ఏదైనా, స్త్రీ చేసే పనిని పని కాదనడానికి ఒక తియ్యటి మాట దొరుకుతూనే వుంటుంది. కాబట్టి ఇంగ్లీషు దానంతటదే హక్కులు తెచ్చిపెట్టదు.

అలాగని కొందరు మిత్రులు అంటున్నట్టు, ‘మనం ఇంగ్లీషెందుకు నేర్పాలి, కాగితాలన్నీ తెలుగులో ఇమ్మని పోరాడదాం’ అనడం కూడా సరిపోదు. కాగితాలు తెలుగులో ఇమ్మని తప్పకుండా పోరాడాలి. ఏజెన్సీ ఒప్పందం తెలుగులో వుండాలి, డిశ్చార్జి చీటీ వెనక మందుల వేళలు తెలుగులో వుండాలి. కానీ రేపు రాత్రి రెండు గంటలకి రోగికి ఆయాసం వస్తే, ఫోనులో వున్న డాక్టరుతో మాట్లాడాల్సింది ఆమే. మన పోరాటం గెలిచేదాకా ఆ రాత్రి ఆగదు.

క్లాసులో ఏం చేద్దాం?

మన చరిత్రలోనే ఒక దారి వుంది. నెల్లూరు జిల్లాలో 1991లో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో ఒక పాఠం సీతమ్మ అనే స్త్రీ కథ. సారా ఆమె సంసారాన్ని ఏం చేసిందన్నది ఆ కథ. అది చదివిన స్త్రీలు అక్షరాల దగ్గర ఆగలేదు. దూబగుంట రోశమ్మా, ఆమె తోటి స్త్రీలూ 1992లో లేవదీసిన ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. పాఠం తమ బతుకు గురించి వుండటం వల్లే అది సాధ్యమైంది. ఇంగ్లీషు పాఠానికి కూడా ఇదే వర్తిస్తుంది.

నా సూచనలు అయిదు. మొదటిది, పని పేరుతో మొదలుపెట్టండి. ‘ఐ యామ్ ద కేర్‌టేకర్, ఐ యామ్ నాట్ ద నర్స్.’ తన పనేదో తన నోటితో చెప్పుకోవడం తొలి పాఠం.

రెండోది గడియారం. ‘మై డ్యూటీ ఈజ్ ఎయిట్ టు ఎయిట్. ఆఫ్టర్ దట్ ఈజ్ ఎక్స్‌ట్రా.’ ఇంటి సంరక్షణకి కూడా ఒక కాల్‌షీట్ వుండాలన్న కోరిక ఈ పాఠంలోంచే పుట్టాలి.

మూడోది మందులు. చీటీలోని పొట్టి అక్షరాలని ఒక అట్ట మీద సూర్యుడు, చంద్రుడు, అన్నం కంచం బొమ్మలతో పెట్టండి. దానితో పాటు మళ్లీ అడిగే ధైర్యం నేర్పండి. ‘ప్లీజ్ సే అగైన్. ప్లీజ్ రైట్ ఇట్.’ అర్థం కాలేదని చెప్పడం తెలివితక్కువ కాదు, రోగి ప్రాణానికి రక్షణ.

నాలుగోది రాసుకోవడం. ఒక చిన్న నోటుపుస్తకం చాలు. తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, అంకెల్లో బీపీ, ఏమైనా జరిగితే రెండు మాటలు. ‘ఫెల్ డౌన్, 4 ఏఎం, టోల్డ్ మేడమ్.’ రోగి వివరాలున్న పేజీ ఇంట్లోనే వుండాలి, అది రోగి హక్కు. డ్యూటీ వేళల పేజీ మాత్రం ఆమెది. జీతం తగాదా వస్తే ఆమెకుండే సాక్ష్యం అదొక్కటే.

అయిదోది కాదనడం. ‘దిస్ ఈజ్ నాట్ మై వర్క్.’ ‘డోంట్ టచ్ మీ.’ ఈ వాక్యాలు గట్టిగా, నిలబడి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అనిపించండి. మొదట్లో నవ్వుతారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. నాలుగోసారికి గొంతు మారుతుంది. ఈ పాఠం చివర తెలుగులోనే 181 హెల్ప్‌లైన్ నంబరూ, స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసే పద్ధతీ చెప్పండి.

క్లాసు వేళ కూడా ఆలోచించండి. 24 గంటల డ్యూటీ చేసే స్త్రీ సాయంత్రం క్లాసుకి రాలేదు. ఆమెకు వారానికి ఒక సెలవు రోజు కావాలి. క్లాసుకి రావాలంటే ముందు సెలవు అడగాలి, సెలవు అడగాలంటే పదిమంది కలవాలి. అంటే మనం పాఠం మొదలుపెట్టక ముందే సంఘం పని మొదలైందన్నమాట. ఇంగ్లీషు క్లాసుని కేవలం ఇంగ్లీషు క్లాసుగా నడపడం ఎలాగూ కుదరదు. వచ్చే మూడు నెలల్లో ఒక్కో బస్తీలో కనీసం ఒక్క ఏజెన్సీ ఒప్పంద కాగితాన్నయినా సంపాదించి, తెలుగులోకి మార్చి, పదిమంది మధ్య కూర్చుని చదవండి. ఆ కాగితంలో ఎన్ని గంటలని రాసి వుందో చూడండి. అసలు రాసి వుందో లేదో చూడండి. మీ తొలి పాఠం అక్కడ దొరుకుతుంది.